నాన్నగారి మెదడులో రంధ్రం పడిందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 66 ఏళ్లు. పదేళ్లుగా బీపీ ఉంది. పోయిన ఏడాది దసరాల్లో ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. ఎమ్మారై తీసి ‘ఎడమ కొరోనా రేడియేటాలో 11 మిల్లీమీటర్ల ఎక్యూట్ ఇన్‌ఫార్క్ట్’ అన్నారు. చిన్న స్ట్రోకే, కంగారు పడొద్దన్నారు. నిజంగానే రెండు నెలల్లో చెయ్యి, మాట దారిలో పడ్డాయి. ఈమధ్య నడకలో కాస్త తూలుతున్నారని మళ్లీ తీయిస్తే ‘అదే చోట 6 మిల్లీమీటర్ల సిస్టిక్ లాక్యూన్, కుడి థాలమస్‌లో మరో పాత లాక్యూన్, రెండువైపులా వైట్ మ్యాటర్ మార్పులు, ఫజెకాస్ 2’ అని వచ్చింది. థాలమస్ సంగతి మొదటి రిపోర్టు చివర్న కూడా ఉందని ఇప్పుడే చూశాం. సిస్టిక్ అంటే రంధ్రమట. చిన్నదన్నది రంధ్రం ఎలా అయింది? రోగం పాకుతోందా? ఆయన మునుపటిలా లేరు. చేపల చెరువు మేత లెక్కలు చూడమంటే ‘మీరే చూసుకోండి’ అంటున్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఏడాదిగా వేసుకుంటున్నారు. బీపీ మాత్ర మాత్రం ఒంట్లో బాగుందనిపిస్తే మానేస్తారు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఏటా ఒక ఎమ్మారై తీయిద్దామంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు రంధ్రం సంగతి, అంటే రిపోర్టులో లాక్యూన్ అని రాసిన చిన్న గుంట సంగతి. అది కొత్తగా పడింది కాదు. పోయిన దసరాల నాటి గాయమే ఏడాది గడిచాక అలా కనిపిస్తోంది. అప్పుడు 11, ఇప్పుడు 6. పెరగలేదు, తగ్గింది. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చోట ఒకే స్ట్రోక్ ఉంది, పేరు మాత్రం మారింది. రేడియాలజిస్టు రిపోర్టు మరో డాక్టరు చదువుకోవడానికి రాసే ఉత్తరం. అందులో ‘సిస్టిక్’, ‘క్రానిక్’ లాంటి మాటలు ఇంట్లోవాళ్లని బెంబేలెత్తిస్తాయి గానీ, ఇక్కడ వాటికి అర్థం ‘పాతది, మానిపోయినది’ అనే.

అసలు ఆ రోజు ఏం జరిగిందో చెబితే మిగతాది తేలికగా అర్థమవుతుంది. మెదడు పైపొరకు రక్తం పట్టుకెళ్లే పెద్ద నాళాలు దారిలో కొమ్మలు కొమ్మలుగా చీలి, క్రమంగా సన్నబడతాయి. మెదడు లోతుల్లో సంగతి వేరు. అక్కడికి పెద్ద నాళం నుంచే, మిల్లీమీటరు కూడా లేని సన్నని నాళాలు అడ్డంగా పుట్టి నేరుగా లోపలికి పోతాయి. మీ ఊళ్లో పెద్ద పంటకాలువకు తూము పెట్టి పిల్ల బోదె తీస్తారే, అలాగన్నమాట. కాలువ ఉద్ధృతి అంతా ఆ చిన్న బోదె గట్టు మీద పడుతుంది. అది పూడిపోతే దాని కింద ఉన్న శివారు చేలకు నీళ్లు తెచ్చే ఇంకో బోదె ఉండదు. పదేళ్ల బీపీ ఈ సన్ననాళాల గోడలను మందంగా, పెళుసుగా చేస్తుంది. కొందరిలో నాళం మొదట్లోనే కొవ్వు పేరుకుని మూసుకుపోతుంది. దాని కింద ఉన్న కాస్త మేర చచ్చిపోతుంది. రిపోర్టులో ఇన్‌ఫార్క్ట్ అన్నది దీన్నే. రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోకుల్లో దాదాపు నాలుగో వంతు ఈ రకానివే.

నాన్నగారి స్ట్రోక్ వచ్చిన కొరోనా రేడియేటా గుండా చేతినీ నోటినీ కదిలించే ఆజ్ఞలు మోసే నరాల పోగులు పైనుంచి కిందికి దిగుతాయి. సెంటీమీటరు దెబ్బకే గ్లాసు జారింది, మాట ముద్దయింది అందుకే. ఇంతే సైజు దెబ్బ మరోచోట తగిలితే మనిషికి తెలియను కూడా తెలియదు. మెదడు లోతుల్లో ఉండే థాలమస్ అనే భాగంలోని ‘పాత లాక్యూన్’ అలాంటిదే. అది ఎప్పుడు వచ్చి పోయిందో ఆయనకూ తెలిసి ఉండదు. పెద్దవయసు వాళ్లకి, ఏ జబ్బూ లేదనుకునే వాళ్లకి కూడా, ఎమ్మారై తీస్తే అయిదుగురిలో ఒకరికి ఇలాంటి చప్పుడు చేయని దెబ్బ ఒకటైనా కనిపిస్తుందని చాలా సర్వేల్లో తేలింది.

ఇక కాలంతో పాటు మార్పు. నాళం మూసుకున్న కాసేపటికే అక్కడి కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి. ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతిలో తీసిన బొమ్మ మీద అది తెల్లగా మెరుస్తుంది. ఫ్లేర్ అనే మరో రకం బొమ్మ మీద కనిపించడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈ దశలో సీటీ స్కాన్‌లో తరచుగా ఏమీ కనిపించదు. ‘సీటీ నార్మల్’ అని ఇంటికి వచ్చేసినవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. డిఫ్యూజన్ మెరుపు సుమారు పది, పద్నాలుగు రోజులుండి మెల్లగా ఆరిపోతుంది. మీ రిపోర్టులో 11 మిల్లీమీటర్లు అని కొలిచింది ఈ మెరుపునే. అందులో చచ్చిన కణజాలంతో పాటు ఆ నాటి వాపు కూడా కలిసి ఉంది.

తర్వాతి వారాల్లో మెదడులోని పారిశుద్ధ్య కణాలు చచ్చినదాన్ని తినేసి ఊడ్చేస్తాయి. వాపు దిగుతుంది. చుట్టూ ఉన్న ఆస్ట్రోసైట్లనే కణాలు గట్టుకట్టి, దెబ్బతిన్న చోటుని మంచి చోటు నుంచి వేరు చేస్తాయి. అక్కడి నుంచి దారులు మూడు. మొదటిది, ఊడ్చిన చోట చిన్న ఖాళీ మిగిలి, అందులో మెదడు చుట్టూ ఉండే నీరే చేరుతుంది. మీరు రంధ్రం అంటున్నది ఇదే. రెండోది, ఖాళీ పడకుండా మచ్చకట్టి ఫ్లేర్ మీద ఒక తెల్ల మరకగా మిగిలిపోతుంది. మూడోది, మామూలు స్కాన్‌లో ఆనవాలే దొరకనంతగా మాయమవుతుంది. ఒకే రకం స్ట్రోక్, మూడు ముగింపులు.

ఎందరిలో ఖాళీ పడుతుందని అడిగితే పరిశోధకుల జవాబులకి పొంతనే లేదు. మూడో వంతు కంటే తక్కువ అని లెక్క తేల్చినవాళ్లున్నారు, పదింట తొమ్మిది అన్నవాళ్లూ ఉన్నారు. తేడా ఎక్కువగా చూసే పద్ధతిలోనే ఉంది. మూడు నెలలకు తీశారా ఏడాదికి తీశారా, స్కాన్‌లో ఒక్కో పొర ఎంత మందం, ఎంత నీరు కనిపిస్తే ఖాళీ అన్నారు అనేదాన్ని బట్టి లెక్క తారుమారవుతుంది. మొదటి దెబ్బ పెద్దదైతే ఖాళీ పడే అవకాశం ఎక్కువ.

ఇలాంటి ప్రతి స్ట్రోకూ గుంటగానే ముగుస్తుందనే నమ్మకం చాలాకాలం నడిచింది. దానికి కారణం సులువు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యులు, 1901లో పారిస్‌లో పియర్ మారీ, 1960ల్లో బోస్టన్‌లో మిల్లర్ ఫిషర్, వీళ్లంతా చనిపోయినవాళ్ల మెదడు కోసి చూసి నేర్చుకున్నవాళ్లే. కోసినప్పుడు కంటికి ఆనేది గుంట. మరకగా మిగిలినవీ మాయమైనవీ వాళ్లకు ఎలా కనిపిస్తాయి? ఫిషర్ సన్ననాళాలను పొరపొరగా కోసి మైక్రోస్కోపు కింద వెతికిన తీరు ఇప్పటికీ మా వృత్తిలో అబ్బురంగానే చెప్పుకుంటాం. అయినా బతికున్న మనిషికే మళ్లీ మళ్లీ ఎమ్మారై తీసే రోజులొచ్చాకే ఈ మూడు దారులూ బయటపడ్డాయి. ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో పేరు పెడుతున్నారని 2013లో అనేక దేశాల నిపుణులు కలిసి కొలతలు కూడా ఖరారు చేశారు. కొత్తగా తగిలిన దెబ్బ 20 మిల్లీమీటర్ల లోపు, మిగిలిన గుంట 3 నుంచి 15 దాకా. 3 కంటే చిన్నగా, సన్నగా కనిపించే ఖాళీలు చాలావరకు రక్తనాళం చుట్టూ సహజంగా ఉండే సందులు. వాటిని కూడా లాక్యూన్ అని రాసిన రిపోర్టులు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి.

కాబట్టి రిపోర్టులో గుంటల లెక్క చూసి ‘రెండే కదా’ అని తేలిగ్గా తీసుకోవడమూ తప్పే, గుంట అన్న మాట చూసి హడలిపోవడమూ తప్పే. గుంట మిగిలినవాళ్లు బాగుపడనట్టూ కాదు. నాన్నగారి చెయ్యి సరైంది ఆ ఖాళీ పూడి కాదు, చుట్టూ మిగిలిన దారులు ఆ పని అందుకున్నందువల్ల.

రోగం పాకుతోందా అనే ప్రశ్నకు వస్తే, ఆ గుంట పాకదు. కానీ దాన్ని తెచ్చిన జబ్బు ఆ ఒక్క నాళంలోనే లేదు. ‘వైట్ మ్యాటర్ మార్పులు’ అన్నది సన్ననాళాలన్నిటి కథ. శివారు చేలకు ఏళ్ల తరబడి నీళ్లు చాలీచాలకుండా అందితే ఎలా ఉంటుందో, ఆ తెల్లమరకలు అలాంటివి. ఫజెకాస్ అనేది 1987 నుంచి వాడుకలో ఉన్న 0 నుంచి 3 వరకు కొలబద్ద. 1 అంటే విడివిడి చుక్కలు, అరవై దాటిన చాలామందిలో ఉంటాయి. 2 అంటే చుక్కలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైంది. 3 అంటే కలిసిపోయి పెద్ద మడులయ్యాయి. నాన్నగారు మధ్యలో ఉన్నారు. ఇక్కడ శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే కొత్త గుంటలు ఎక్కువగా ఈ తెల్లమరకల అంచునే పుడతాయని గమనించారు. మరకలు ఎప్పుడూ పెరుగుతూనే పోతాయని కూడా లేదు. కొందరిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, కొందరిలో కొంత తగ్గినట్టూ చూశారు.

మరో మార్పు రిపోర్టులో రాయరు గానీ నాన్నగారి విషయంలో నాకు అదే ముఖ్యం. లోపల పోగులు తెగినప్పుడు, వాటి అవతలి కొసన ఉన్న మెదడు పైపొర కూడా నెలల్లో మెల్లగా పలచబడుతుందని స్కాన్ల మీద కొలిచి చూపించారు. అంటే దెబ్బ లోపల తగిలినా దాని ప్రభావం దూరంగా, ఆలస్యంగా తెలుస్తుంది. ఇలాంటివాళ్లలో మతిమరుపు కంటే ముందు వేగం తగ్గుతుంది. విషయం తెలుసు, చెప్పగలరు, కానీ రెండు నిమిషాలు పడుతుంది. రెండు పనులు ఒకేసారి చేయలేరు. దేనిమీదా పూనిక ఉండదు. అడుగులు పొట్టివవుతాయి. ‘మీరే చూసుకోండి’ అనడం బద్ధకమనో, అలక అనో అనుకోకండి. దయచేసి ఇంట్లో ఎవరూ ఆయన్ని ఆ మాట అనొద్దు.

పూనిక లేకపోవడం వేరు, దిగులు వేరు. మనవలు వస్తే సంతోషిస్తున్నారా, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, ‘ఎందుకొచ్చిన బతుకు’ లాంటి మాటలు వస్తున్నాయా గమనించి డాక్టరుకు చెప్పండి. స్ట్రోక్ తర్వాత వచ్చే దిగులుకు మందులున్నాయి, పనిచేస్తాయి. బీ12, థైరాయిడ్ పరీక్షలు ఒకసారి చేయించండి, వినికిడి కూడా చూపించండి. లెక్కల పుస్తకం పూర్తిగా లాగేసుకోకండి. నెల మొత్తం ముందు పెట్టకుండా, ఆ రోజు వచ్చిన మేత బస్తాల లెక్క ఒక్కటి రాయమనండి. టీవీ ఆపేసి, పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా.

తూలుడుకు కారణం స్కాన్‌లోనే ఉందని కూడా అనుకోవద్దు. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూడండి. పై అంకె 20 పాయింట్లు పడిపోతుంటే తూలుడు అక్కడి నుంచే వస్తుండవచ్చు. ప్రోస్టేట్‌కు వాడే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు, షుగరు వల్ల పాదాల్లో వచ్చే తిమ్మిరి కూడా ఈ పని చేస్తాయి.

ఇప్పుడు మాత్రలు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి రంధ్రం కంటే ఈ రెండు వాక్యాలే. ఒకటి, ఏడాదిగా రెండు రక్తం పలచన మందులు. సరిగ్గా నాన్నగారి లాంటి రోగులు 3020 మందితో ఉత్తర, దక్షిణ అమెరికాల్లో, స్పెయిన్‌లో ఎస్‌పీఎస్3 అనే పరిశోధన జరిగింది. 2012లో వచ్చిన దాని ఫలితం ప్రకారం, ఏళ్ల తరబడి ఆస్పిరిన్‌కు క్లోపిడోగ్రెల్ జోడిస్తే మళ్లీ స్ట్రోక్ రావడం తగ్గలేదు (ఏడాదికి 2.7 శాతం బదులు 2.5). పెద్ద రక్తస్రావాలు మాత్రం ఏడాదికి 1.1 శాతం నుంచి 2.1కి పెరిగాయి, మరణాలూ పెరిగాయి. చిన్న స్ట్రోక్ వచ్చిన తొలి మూడు వారాలకు రెండూ కలిపి ఇవ్వడం మంచి పద్ధతి, అందుకే మీకు రాసి ఉంటారు. ఆ చీటీనే ఏడాదిగా మందుల షాపులో చూపించి తెచ్చుకుంటున్నట్టున్నారు. అలాగని రేపటి నుంచి మీరే మానిపించొద్దు. గుండెకు స్టెంట్ లాంటి మరో కారణం ఉందేమో డాక్టరు చూడాలి. ఈ వారంలోనే వెళ్లి ‘ఇంకా రెండూ అవసరమా, ఒకటి చాలా?’ అని అడగండి. ఒకటి మాత్రం తప్పనిసరిగా ఉంటుంది. కొలెస్ట్రాల్ మాత్ర ఊసే మీరెత్తలేదు, అదీ అడగండి.

రెండోది బీపీ మాత్ర. బాగున్నట్టు ఉందంటే ఆ మాత్ర పనిచేస్తున్నట్టు. మానేసిన నాడు నొప్పీ ఉండదు, మంటా ఉండదు, సన్ననాళం గోడకు తప్ప ఎవరికీ తెలియదు. అదే పరిశోధనలో సగం మందికి పై అంకెను 130 లోపు దించారు, మిగతా సగాన్ని 130-149 మధ్య ఉంచారు. మొత్తం స్ట్రోకుల్లో తగ్గుదల కనిపించినా లెక్కల్లో గట్టిగా నిలబడేంత కాదు. కానీ మెదడులో రక్తస్రావాలు 63 శాతం తగ్గాయి. అమెరికాలోనే జరిగిన స్ప్రింట్ పరిశోధనలో (అందులో స్ట్రోక్ వచ్చినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు లేరు, ఆ మాట కూడా చెప్పాలి) బీపీని గట్టిగా అదుపు చేసినవాళ్లలో దాదాపు నాలుగేళ్లలో తెల్లమరకల పెరుగుదల నెమ్మదించింది. ఫజెకాస్ 2ను 3 కానివ్వకుండా ఆపడానికి ఈ రోజు మన చేతిలో ఇంతకంటే గట్టి ఆయుధం లేదు. సిలోస్టజాల్ లాంటి మందులతో బ్రిటన్‌లో చేసిన ప్రయోగాలు 2023లో ఆశ రేపాయి గానీ, అందరికీ రాసే దాకా రాలేదు. నాన్నగారికి 130/80 లోపు లక్ష్యం పెట్టుకోమంటాను, నిలబడినప్పుడు పడిపోకుండా చూసుకుంటూ.

భీమవరం వైపు భోజనం నాకు బాగా తెలుసు. ఆవకాయ, ఎండు చేప, మజ్జిగలో మళ్లీ ఉప్పు. రోజుకు మనిషికి 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక టీ స్పూను, అన్నిటితో కలిపి. ఊరగాయ మానమంటే ఆయన వినరు, నాకు తెలుసు. వారానికి ఒకటి రెండుసార్లు అని బేరం కుదుర్చుకోండి. చుట్ట తాగే అలవాటుంటే మాత్రం బేరాల్లేవు. పావురం రక్తంతో మర్దనా చేయిస్తే పూర్తిగా నయమవుతుందని చెప్పేవాళ్లు మీ ఇంటికీ వచ్చి ఉంటారు. కాఫీ ఇచ్చి పంపేయండి.

ఏటా ఎమ్మారై వద్దు. ఏ మార్పూ లేని మనిషికి తీసిన ఎమ్మారై వైద్యాన్ని మార్చదు, భయాన్ని మాత్రం తాజాగా ఉంచుతుంది. కొత్త లక్షణం వచ్చినా, నడక గానీ తెలివి గానీ నెలల్లో స్పష్టంగా దిగజారినా తీయాలి. అప్పుడు పాత స్కాన్ సీడీ తప్పకుండా వెంట తీసుకెళ్లి, పక్కన పెట్టి పోల్చి రాయమనండి. రిపోర్టు కాగితం చాలదు, బొమ్మలు కావాలి.

మళ్లీ చెయ్యి జారినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా అది ఏ టైముకు మొదలైందో చూసి 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, సన్ననాళపు స్ట్రోకుకి కూడా అది పనిచేస్తుంది. ‘పోయినసారి దానంతట అదే తగ్గిందిగా’ అని తెల్లారే దాకా ఆగొద్దు. ఈ రకం స్ట్రోక్ కొందరిలో మొదటి రెండు మూడు రోజుల్లో మెట్టు మెట్టుగా ముదురుతుంది. రాత్రి చెయ్యి కాస్త బరువుగా ఉందని పడుకున్న మనిషి తెల్లారేసరికి చెయ్యి ఎత్తలేకపోవచ్చు.

అన్నయ్య గారికి నా మాటగా చెప్పండి. ఎమ్మారైకి పెట్టదలచిన డబ్బుతో పై చేతికి పట్టీ కట్టే మంచి బీపీ మిషన్ కొనమనండి, మణికట్టు రకం వద్దు. వారం రోజులు పొద్దున మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి చూడండి. అంతకు ముందు అరగంట కాఫీ వద్దు. అంకెలు నాన్నగారి చేతే రాయించండి, నెమ్మదిగా రాసినా సరే. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆదివారం వీడియో కాల్‌లో అన్నయ్య గారు స్కాన్ సంగతి కాకుండా ఆ వారం అంకెలు అడగాలి.